బెండకాయ పూల కాగితం

"కూరకి తెచ్చిన బెండకాయలన్నీ మళ్ళీ కాగితాలకే తగలేశావా?"

"రెండు మిగిల్చానుగా, సర్దుకోండి!"

కింది వాటాలో టైలరమ్మకీ, ఆమె మొగుడికీ రోజూ ఇదే గొడవ. కోసిన బెండకాయను నీలి రంగులో ముంచి, కాగితం మీద అద్ది, నిద్రపోతున్న పసిబిడ్డ కింద నుంచి చెయ్యి తీసినంత మెల్లగా పైకి లేపుతుంది. ఒక్కో పువ్వు అద్దే ముందు కాసేపు కళ్ళు మూసుకుంటుంది. నాకైతే పూలన్నీ ఒకేలా కనిపించేవి. ఓ రోజు ఖాళీగా కనిపించానని, ఆ కాగితాలతో కుట్టిన ఆల్బమ్‌లో ఫొటోలు అంటించే పని నాకు అప్పజెప్పింది. అంచుల దాకా పూలు నిండిన పేజీ మీద ఆమె పెళ్ళి ఫొటో పెట్టబోతుంటే చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మది ఒక్క ఫొటో కూడా లేదు. ఆవిడ చీర ఇలాగే ఉండేది. దీని మీద ఏమీ అంటించకు బాబూ."