బండి నిండేలోపు ఆట

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు రోజూ షేర్ ఆటోలో వెళ్ళివచ్చే గుమాస్తాను నేను. పేరు కమల. పదిన్నరకల్లా సంతకం పెట్టాలి. కాస్త ఆలస్యమైతే మా ఆఫీసరు ముఖం మాడ్చుకుంటాడు, ఆ మంటంతా నేను ఆటోవాళ్ళ మీద చూపిస్తాను. ఆ స్టాండులో నా నోటికి భయపడనివాడు చెన్నకేశవ ఒక్కడే. అతనికి ఆ అవసరమే రాదు. ఎనిమిదో మనిషి ఎక్కీ ఎక్కకముందే అతని బండి కదులుతుంది.

అంతవరకూ మాత్రం ఫోనులో చదరంగమే. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. గడియారం అయిపోతే గెలిచే ఆటైనా ఓడినట్టే. అవతలివాడు ఏ దేశంవాడో కూడా తెలియదు. ఫోను హ్యాండిల్‌కు ఆనించి, బొటనవేలితో టకటకా ఎత్తులు వేస్తూ, నోటితో "మడుగు, మడుగు, జమ్మలమడుగు" అని అరుస్తూనే ఉంటాడు. మా నాన్న సూర్యప్రకాశరావు ఒక్కో ఎత్తుకు ఒక్కో తాంబూలం నమిలేవాడు. ఆయన దగ్గర ఆట నేర్చుకున్న నాకు ఈ వేగం చూస్తే కళ్ళు తిరిగేవి! చెన్నకేశవ గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడు కదా, ఏ గొర్రె ఏ చేలో పడబోతోందో కనిపెట్టినట్టు అవతలివాడి ఎత్తు ముందే కనిపెట్టేవాడు. గుర్రాలంటే ప్రాణం. మంత్రిని మాత్రం లెక్కే చేయడు.

"మంత్రులదేముంది మేడం, ఈ పొద్దు ఈ పార్టీ, రేపు ఆ పార్టీ" అనేవాడు.

నాకు ఒళ్ళు మండేది ఒక్క విషయానికే. బండి నిండితే చాలు, ఇంకొక్క ఎత్తులో గెలిచే ఆటనైనా ఓటమి ఒప్పుకుని ఫోను జేబులో పెట్టేస్తాడు. ఆలస్యమని అందరినీ తిట్టే నేనే ఒకరోజు ఉండబట్టలేక "పది సెకండ్లు ఆగితే నీ సొమ్మేం పోతుందయ్యా?" అని అరిచాను. అప్పుడేమీ చెప్పలేదు. దారిలో టైరు పంచరైన రోజు, చక్రం విప్పుతూ చెప్పాడు.

ఫ్యాక్షన్ కాలంలో రాజుపాలెం పక్కన వాళ్ళ పల్లెలో పోలీసు పికెట్ పెట్టారు. అప్పుడు చెన్నకేశవకు ఇరవై ఏళ్ళు. పికెట్‌కు పాలు పోసేవాడు. హబీబుల్లా అనే కానిస్టేబులు అతనికి చదరంగం నేర్పాడు. డ్యూటీ మారే విజిల్ మోగేలోపు ఆట ముగియాలి. ఆ వేగం అక్కడ పట్టుబడిందే. హబీబుల్లా ఆటకు రెండు గుర్తులు. మొదటి ఎత్తు ఎప్పుడూ రాజు వైపు మూల ఏనుగు ముందు బంటే, అదీ ఒక్క గడి. "ఇంటికి ముందు ఎనక వాకిలి సూసుకోవల్ల" అనేవాడట. ఇక ఆ ఏనుగును చచ్చినా కదిలించడు. అది సెంట్రీ.

రెండేళ్ళలో చెన్నకేశవ ఆయన మీద ఒక్కసారీ గెలవలేదు. తీరా గెలవబోయిన రోజు, మిట్టమధ్యాహ్నం, ఊరి చివర నాటుబాంబు పేలింది. విజిల్ మోగింది. హబీబుల్లా లేచాడు. చెన్నకేశవ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క ఎత్తు సారూ, ఒక్కటే!" ఆయన అర నిమిషం ఆగి, చెయ్యి విడిపించుకుని పరుగెత్తాడు. సందు మలుపులో రెండో బాంబు పడింది. గాయపడిన పోలీసులను జీపులో వేసుకుపోయారు. మర్నాటికి పికెట్‌లో అందరూ కొత్తవాళ్ళే. ఎవరు బతికారని అడిగే ధైర్యం లేదు. అడిగినవాడి పేరు సాక్షుల్లో రాసేవాళ్ళు, సాక్షిని అవతలి పార్టీవాళ్ళు బతకనిచ్చేవాళ్ళు కాదు.

"నేను పట్టుకోకపోతే సారు ఆ మలుపు ముందే దాటిపోయుండు మేడం. ఆ పొద్దుట్నుంచి ఆట కోసం ఎవుర్నీ నిలపలా" అన్నాడు.

మొన్న ఎన్నికల నెలలో ఒక ఉదయం. రెండు పార్టీల ప్రచారం బండ్లూ పోటీ పడి చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి. చెన్నకేశవ కొత్త ఆట మొదలుపెట్టాడు. అవతలివాడు మూల బంటును ఒక్క గడి జరిపాడు. చెన్నకేశవ "మడుగు" అనబోయి ఆగిపోయాడు.

పది ఎత్తులు, పదిహేను ఎత్తులు. ఆ మూల ఏనుగు కదల్లేదు! నేనూ ఫోను మీదికి వంగాను. అంతలో కరివేపాకు అమ్మే గులాబ్‌బీ బుట్టతో ఎనిమిదో మనిషిగా ఎక్కింది. "పోనీ నాయనా" అంది. బండి కదల్లేదు. చెన్నకేశవ బండికి అలా జరగడం అదే మొదలు.

"ఏందప్పా, దిగి తోయాల్నా?" అన్నారెవరో వెనక సీటు నుంచి.

చెన్నకేశవకు ఇంకా నలభై సెకండ్లున్నాయి. గుర్రం దూకితే అవతలి రాజుకు దారి లేదు. "గుర్రం! గుర్రం!" అని పిచ్చిదానిలా అరిచాను. అతను గుర్రాన్ని వదిలి, కబురు రాసే చోట వేలు పెట్టాడు.

"ముందు గెలువయ్యా!"

"ఆటైపోతే మనిషి యాడికి పోతాడో ఏమో మేడం! మళ్ళీ యాడ దొరుకుతాడు?"

ఎత్తులు అంత చురుగ్గా వేసే వేలు అక్షరాల దగ్గర తడబడింది. "మీరు రాజుపాలెం పికెట్ హబీబుల్లా సారేనా?" అని పూర్తిచేసి పంపేసరికి గడియారం సున్నా. ఓడిపోయాడు.

జవాబు వచ్చింది. కన్నీళ్ళతో అతనికి అక్షరాలు కనబడటం లేదు. ఫోను లాక్కుని నేనే పైకి చదివాను.

"హబీబుల్లానే. పులివెందులలో ఉండా. పాలు పోసే చెన్నకేశవవా? ఆ గుర్రాల్ని సూసి అనుకుంటానే ఉండా."

"బాంబు మీకు తగల్లేదా అని అడుగు మేడం" అన్నాడు. అడిగాను.

"నాకన్నా ముందు ఉరికినోళ్ళకు తగిలింది. పాపం, ఇద్దరు శానా దెబ్బతినిరి. నువ్వు చెయ్యి పట్టుకోకపోతే అందరికన్నా ముందు నేనే ఉందును. ఆలస్యమైనందుకు మెమో ఇచ్చి బదిలీ చేసిరి. ఆ మెమో పటం కట్టించి పెట్టుకోనుండా."

చెన్నకేశవ హ్యాండిల్ మీద తల వాల్చి బావురుమన్నాడు. గులాబ్‌బీ అతని వీపు నిమిరింది. ఫోను మళ్ళీ మోగింది. "ఇంకో ఆట ఆడదామా?"

అతను ముఖం తుడుచుకుని మా వైపు తిరిగాడు. "మూడు నిమిషాలే. ఉంటారా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నా గడియారంలో పదీ ఐదు. దారే అరగంట.

"ఆడవయ్యా!" అన్నాను. "మెమో ఇస్తే నేనూ పటం కట్టించుకుంటాను."

అవతల ఏనుగు ముందు బంటు ఒక్క గడి కదిలింది.