రిబ్బను పోయిన గానుగ

నా చిన్నప్పుడు మా తాతయ్య కుడిచేతికి మూడే వేళ్ళుండేవి. పుట్టుకతోనే అంతేనేమో అనుకునేదాన్ని.

తణుకు దగ్గర మా ఊరు. బెల్లం వండే రోజుల్లో మా దొడ్లో ఇంజనుతో చెరకు గానుగ ఆడేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఉదయం, జానెడు చెరకు ముక్క లోపలికి పోకుండా రోలర్ల ముందే ఆగిపోయింది. రసం వృథా పోకూడదని చేత్తో తొయ్యబోయాను. మా ఇళ్ళల్లో అందరూ చేసే పనే అది. తాతయ్య జడ పట్టుకుని నన్ను వెనక్కి లాగేశాడు.

కొట్టలేదు. నా జడకున్న ఎర్ర రిబ్బను విప్పి ఒక చెరకు గడ చివర కట్టాడు. గడ రెండో కొసను గానుగకు అందించాడు. నన్ను దూరంగా నిలబెట్టాడు.

“రిబ్బను లోపలికి పోబోతుంటే చప్పట్లు కొట్టు. మీ నాన్న ఇంజను ఆపేస్తాడు. రిబ్బను దక్కితే నీదే.”

కళ్ళు ఆర్పకుండా చూశాను. అంచు రోలరుకు తగలగానే చప్పట్లు కొట్టాను. నాన్న వెంటనే ఆపేశాడు. కానీ చక్రం ఇంకొన్ని చుట్లు తిరిగింది. రిబ్బను మొత్తం అవతలికిపోయి పిప్పికి అతుక్కుంది. నేను ఏడ్చాను.

“నువ్వు ఆలస్యం చెయ్యలేదే అమ్మా. మీ నాన్నా చెయ్యలేదు,” అన్నాడు తాతయ్య. తన చెయ్యి చూపించాడు. “ఇరవయ్యేళ్ళప్పుడు నేను అరవగానే మా అన్నయ్య కూడా ఇలాగే ఆపాడు.”

ఈ సంగతి మావారికి చాలాసార్లు చెప్పాను. “మీ తాతగారి గానుగ కాదే ఇది, కొత్త మిషను,” అని నవ్వేవారు. రెండేళ్ళ క్రితం గడ్డి మోపులు కట్టే మిషనులో గడ్డి చిక్కుకుంటే, ట్రాక్టరు ఆపించకుండానే లాగబోయారు. భుజం మీది తువ్వాలు షాఫ్టుకు చుట్టుకుంది. ఆయన పోయేనాటికి అరవై ఎనిమిదేళ్ళు. డ్రైవరు వెంటనే ఆపాడని చూసినవాళ్ళందరూ చెప్పారు. నిజమే చెప్పి ఉంటారు.

ఇప్పుడు మా చేలోకి మిషను వస్తే గట్టుమీద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. గడ్డి చిక్కితే ముందు డ్రైవరు ట్రాక్టరు ఆపి, తాళం తెచ్చి నా చేతికివ్వాలి.

“ట్రాక్టరు ఎత్తుకుపోతానని భయమాండీ మామ్మగారూ?” అని ఏడిపిస్తాడు ఇప్పటి డ్రైవరు. అయినా ఇస్తాడు. తాళం గుప్పిట్లో పెట్టుకుని, షాఫ్టు పూర్తిగా నిలిచేదాకా చూస్తాను. అప్పుడు తల ఊపుతాను.