ఇప్పనూనె తాగిన బండి

నేను నిక్కర్లేసుకుని తిరిగే రోజులవి... చలికాలం పొద్దున్న మా వాకిట్లో గోనెపట్టా మీద మా అయ్య బండి ఇంజను ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది.

అరకు దగ్గర కొండ మీద మా ఊరు. ఊరంతటికీ ఒకటే మోటారు సైకిలు. డుగుడుగు బండి అనేవాళ్లం. ఎవరో వాడి వాడి వదిలేస్తే అయ్య తెచ్చుకున్నాడు. అప్పటికే ఎన్ని కొండలు ఎక్కిందో దానికే తెలియాలి. పిస్టన్‌కి చుట్టూ ఉండే రింగులు అరిగిపోయి ఆయిలు తాగేసేది... ఎత్తు వస్తే చాలు, నీలం పొగ.

కొత్త రింగులు కిరండూల్ రైల్లో వస్తున్నాయని కబురొచ్చింది. అయ్యా, మా చిన్నాన్నా కలిసి ముందే ఇంజను విప్పేశారు. కారిన పాత ఆయిలుని చెదలు పట్టకుండా ఇంటి గుంజలకు పూసేశారు.

రింగులు రాలేదు... అమ్మకు నొప్పులొచ్చాయి. ఇంకా నెలలు నిండలేదు.

మా ఊళ్లో కాన్పులన్నీ మా అత్తే చేసేది, అయ్యకి అక్క. లోపలికెళ్లి చూసి, బిడ్డ అడ్డంగా ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్లకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అంది. డోలీ కట్టి మోసుకెళ్తే కొండ దిగేసరికి సాయంత్రం అవుతుంది. అంతసేపు ఆగేలా లేదు.

అత్త వాకిట్లోకి వచ్చి ఆ గోనెపట్టా వైపు చూసింది.

"బండి కడుపు ఇప్పేసి కూకున్నావు... నీ పెళ్లాం కడుపు మాటేటిరా?"

అయ్య అరిగిన ఆ పాత రింగులే తీసి పిస్టన్‌కి ఎక్కించడం మొదలుపెట్టాడు. చలికి వేళ్లు వంగడం లేదు. ఒక రింగు టిక్కుమని విరిగింది. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది... అయ్య ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. ఉన్నవాటితోనే బిగించెయ్యమన్నాడు చిన్నాన్న.

బిగించారు. తీరా చూస్తే పొయ్యడానికి ఆయిలు లేదు. అదంతా గుంజలకు పూసి ఉంది కదా...

అప్పుడు లోపల్నుంచి అమ్మ గొంతు. నొప్పుల మధ్యలో, ఆగి ఆగి.

"ఇప్పనూనుంది కదా... మనం తింతన్నాం, బండి తినదేటి?"

అలాంటి సమయంలో కూడా చిన్నాన్నకి నవ్వొచ్చేసింది. వెంటనే తల దించుకున్నాడు.

ఇప్పగింజల నుంచి తీసే ఆ వంటనూనె మా కొండ చలికి నెయ్యిలా గడ్డకడుతుంది. కుండలోంచి గోకి తీసి, పొయ్యి మీద కరిగించి, వేడి వేడిగా ఇంజనులో పోశారు. కిక్కు కొడితే పలకలేదు. ఊరి వాళ్లందరం కలిసి పల్లంలోకి తోశాం. దగ్గింది... మళ్లీ దగ్గింది... అందుకుంది.

"బేగి ఎక్కించండి. దారిలో ఆగిందంటే నూని పేరుకుపోద్ది. మరి లెగదు" అన్నాడు అయ్య.

అమ్మని మధ్యలో కూర్చోబెట్టి, వెనకాల అత్త పట్టుకుని కూర్చుంది. ఊరంతా తెల్లటి పొగ... ఎవరింట్లోనో బూరెలు వేయిస్తున్నట్టు కమ్మటి వాసన. పండగ వాసన అది. మాకేమో ఏడుపొస్తోంది.

మేమంతా రాయి మీదకెక్కి చెవులు రిక్కించి విన్నాం. మొదటి మలుపులో డుగుడుగుమంటూ వినిపించింది. రెండో మలుపులో సన్నగా... ఆ తరవాత ఏమీ లేదు.

"కొండ అడ్డొచ్చింది, అంతే" అన్నాడు చిన్నాన్న. అన్నాడు గానీ, డోలీ కర్ర భుజాన వేసుకుని ఆ దారినే పరుగెత్తాడు.

ఆ పగలంతా మా ఇంట్లో పొయ్యి మళ్లీ వెలగలేదు. ఏ చిన్న చప్పుడైనా బండేమో అనుకున్నాను...

మర్నాడు అయ్య నడిచి వచ్చాడు. బండి లేదు. నల్లటి చేతులతో అలాగే నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గుంట పుట్టిందిరా. మీ యమ్మ గంజి తాగింది."

బండి ఆసుపత్రి గుమ్మం దాకా ఆగలేదట. వాళ్లు దిగాక ఆగింది. రాత్రి చలికి లోపల నూనె గడ్డకట్టి, కిక్కు కిందికి దిగనే లేదట. చిన్నాన్న ఆ డోలీ కర్ర పక్కన పెట్టుకుని ఆసుపత్రి వరండాలోనే నిద్రపోయాడట.

మా చెల్లికి బళ్లో ఏదో పేరు రాశారు. ఊళ్లో మాత్రం తను ఇప్పగుంటే, ఇప్పనూనె పిల్ల.

ఇదంతా ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే... అయ్య పోయాక ఆ బండి నేనే నడిపాను. ఈమధ్య మళ్లీ అదే నీలం పొగ, లోపల్నుంచి ఠకఠకమని చప్పుడు. పాత సామాన్లకి ఇచ్చెయ్యమన్నారు అందరూ. మా అమ్మాయి రూతు ఐటీఐ చదివి అరకులో మెకానిక్ షెడ్డు పెట్టుకుంది. తనే ఇంజను విప్పింది. పిస్టన్, రింగులు, కనెక్టింగ్ రాడ్డు బేరింగు, అన్నీ పోయాయంది. మళ్లీ గోనెపట్టా మీద అవే ముక్కలు. అన్నీ మార్చేస్తే అయ్య చెయ్యి తగిలింది ఇంకేం మిగులుతుందమ్మా అన్నాను.

"పైనంతా తాతదే ఉంటది నాన్నా. లోపలే కొత్తది."

ఇంజను అడుగున గోధుమరంగు జిగురు గోకి తీసింది. నేను వాసన చూశాను. ఇన్నేళ్లు ఉంటదేటి అని నవ్వింది. ఉండదు, నాకూ తెలుసు... నాకు మాత్రం వచ్చింది.

నిన్న పొద్దున్న ఒక్క కిక్కుకే అందుకుంది. డుగుడుగుడుగు... అయ్యే వస్తున్నట్టు. నా బిడ్డ చేతులు చూశాను, అవే నల్లటి చేతులు. ఆ చేతులకి మొక్కినా తప్పులేదనిపించింది. ఊరందరికీ టీ పోయించాను. మా ఇప్పగుంట, ఇప్పుడు మనవలున్న మనిషి, వెనకాల ఎక్కి కూర్చుని ఊరంతా తిరిగొచ్చింది.

దిగి, వెనక్కి తిరిగి పొగ గొట్టం వైపు చూసింది. పొగ లేదు. ఏమీ లేదు.

"అన్నా... వాసనేదీ?" అంది.

ఇప్పుడు మా ఇంట్లో కూడా ప్యాకెట్టు నూనే. మిమ్మల్ని ఈ లోకంలోకి మోసుకొచ్చిన బండో, డోలీయో, మనిషో ఉంటే... ఆ వాసన మీకింకా గుర్తుందా?