చల్లారితే సరిపోయే కొలత

"అన్న పోయిండు సార్" అని ట్రాలీ ఆటో డ్రైవర్ ఫోన్లో చెప్పినప్పుడు నేను "ఎక్కడికి?" అని అడిగాను.

నన్ను తప్పుపట్టకండి. మాది కృష్ణా జిల్లా. మా వైపు మనిషి బజారుకు వెళ్తాడు, ఊరికి వెళ్తాడు, పోవడం మాత్రం ఒక్కసారే. హైదరాబాదుకు వచ్చిన కొత్తలో ఎవరైనా "మా నాయన పోయిండు" అంటే నా గుండె గుభేలుమనేది. అంతలో ఆ నాయన కూరగాయల సంచీ ఊపుకుంటూ ఎదురుగా వచ్చేవాడు. అలా హడలిపోయి హడలిపోయి చివరికి అలవాటుపడ్డాను. ఇప్పుడు ఎవరు పోయారన్నా ఎర్రగడ్డ మార్కెట్టుకో, సికింద్రాబాదుకో పోయారనే అనుకుంటాను. ఆ పొద్దున ఎగ్జిబిషన్‌కి సామాను ఎత్తుకురమ్మని డ్రైవర్‌ను అన్న ఇంటికి పంపింది నేనే. అతను ఆ మాట అనగానే నాకు చిరాకేసింది. "ఇవాళ స్టాల్ పెట్టాలని తెలుసు కదా! నాకు ఒక్క మాట చెప్పకుండా ఎక్కడికి పోయాడయ్యా?" అన్నాను. అతను మెల్లగా "సార్, పానం పోయింది సార్. నిద్రలనే పోయిండట" అన్నాడు.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు, చుట్టమూ కాదు. ఎగ్జిబిషన్లలో పక్క బల్ల మనిషి. ఆ బంధానికి తెలుగులో పేరు లేదు కాబట్టి అన్న అనే అంటాను.

నేను బోర్డులు రాసేవాణ్ణి. మీలో ఎవరైనా అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి ఉంటే, నా అక్షరాల కింద నుంచి ఎన్నోసార్లు నడిచే ఉంటారు. అంతస్తుకో కోచింగ్ సెంటరు, సెంటరుకో బోర్డు, సగానికి సగం నా చేతిరాతే. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది, నా బ్రష్షులు డబ్బాలోనే ఎండిపోయాయి. పెళ్లీ పెటాకులూ లేనివాణ్ణి. ఒక హాస్టల్ మేడ మీద గదిలో ఉంటాను, కింద కుర్రాళ్ల గోల, పైన నేను. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఎగ్జిబిషన్లలో చిన్న బల్ల వేసుకుని కీ చైన్ల మీద పేర్లు రాసి అమ్మడం మొదలుపెట్టాను.

మొదటిరోజే పక్క బల్ల నా వైపుకు వచ్చేసిందని గొడవకు దిగాను. గొడవ కూడా మర్యాదగానే పెట్టుకోవాలి కదా, "అన్నగారూ, మీ బల్ల కాస్త జరుపుకుంటారా?" అన్నాను. ఆయన తలెత్తి నవ్వాడు. "అన్న అంటే సాలదా తమ్మీ? గారు ఎందుకు, నేనేమన్న తాసిల్దార్నా?" అన్నాడు. జరపమంటే బల్లను అటు జరపకుండా ఇటే జరిపి నా బల్లకు ఆనించేశాడు. "ఇగ లొల్లి లేదు, రెండూ ఒక్కటే" అన్నాడు. ఆ తర్వాత పంజాగుట్టలో పెట్టినా, అమీర్‌పేటలో పెట్టినా మేం ఒక్క స్టాలే తీసుకునేవాళ్లం.

అన్న సనత్‌నగర్‌లో ఒక పోత కార్ఖానాలో కట్టె అచ్చులు చేసేవాడు. ఇనుప చక్రం పోత పోయాలంటే ముందు అదే చక్రాన్ని కట్టెతో చేయాలట. దాన్ని ఇసుకలో ఒత్తి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ కార్ఖానా మూతపడింది. అన్న ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని గరిటెలు, పోపుల పెట్టెలు, పీటలు, ఫొటో ఫ్రేములు చేయడం మొదలుపెట్టాడు.

చేయడం వచ్చుగానీ అమ్మడం ఆ మహానుభావుడికి బొత్తిగా రాదు. ఎవరో ఒకావిడ గరిటె చేతిలోకి తీసుకుని ముచ్చటపడుతుంటే, "గీడ సూడమ్మా, జర ముడి ఉంది. మంచిగ సూసి తీస్కో" అనేవాడు. ఆవిడ చటుక్కున గరిటె కింద పెట్టేసేది. నాకు ఒళ్లు మండేది. "అన్నా, నువ్వు సరుకు అమ్ముతున్నావా, కోర్టులో సాక్ష్యం చెప్తున్నావా?" అని అరిచేవాణ్ణి. "కట్టెకు ముడి ఉంటది తమ్మీ. ఇంటికి వోయినంక సూసి మనసు కరాబు చేసుకునే బదులు ఈడనే సూసుకోనీ" అనేవాడు. కొందరు వెళ్లిపోయేవాళ్లు. కొందరు మాత్రం ఆ ముడి ఉన్నదే ఏరి మరీ పట్టుకుపోయేవాళ్లు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పిల్లలు వచ్చి వస్తువులు ముట్టుకుంటే తల్లులు గదమాయించేవాళ్లు. అన్న తల్లుల్ని గదమాయించేవాడు. "ముట్టనీయమ్మా, కట్టె కండ్లతోని తెలువది." చొక్కా జేబులో ఎప్పుడూ ఒక గరుకు కాగితం ముక్క ఉండేది. మాట్లాడుతూనే ఏదో ఒక గరిటె కొస రుద్దుతూ ఉండేవాడు. ఆ పొడి ఎగిరి నా టీలో పడేది. నేను తిడుతూనే తాగేవాణ్ణి.

మీకు చెప్పాల్సింది ఆ స్కేలు సంగతి. ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి ఒకావిడ, అన్న దగ్గర కొన్న ఫ్రేము వెనక్కి తెచ్చింది. "ఫొటో లోపల జారుతోందండీ. ఇటు తోస్తే అటు సందు వస్తోంది" అంది. అన్న సంచిలోంచి తన ఇత్తడి స్కేలు తీసి కొలిచాడు. "ఫ్రేము సరిగ్గనే ఉందమ్మా. ఫొటోనే చిన్నగ కొట్టిండ్రు" అన్నాడు. ఆవిడ ఫొటో స్టూడియోవాణ్ణి దులిపేయడానికి బయల్దేరుతుంటే నేను ఆపి, అక్షరాలకు గీతలు కొట్టుకునే నా స్టీలు స్కేలుతో కొలిచాను. ఫ్రేమే పెద్దది. "నీ స్కేలు కరాబయింది" అన్నాడు అన్న. "నీదే తగలడింది" అన్నాను నేను. ఆవిడ ముందే చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నాం. చివరికి ఆవిడే విసుక్కుని "రెండూ పక్కపక్కన పెట్టి చూడండి మహాప్రభో" అంది. పెట్టాం. మొదట్లో రెండూ కలిసే నడిచాయి. కొసకు వచ్చేసరికి అన్న స్కేలు మీద పన్నెండు నా పన్నెండును దాటేసింది.

అన్న కాసేపు ఆ రెండు గీతల వంకే చూశాడు. తర్వాత నెత్తి కొట్టుకున్నాడు. "వారీ! గిది పోత స్కేలు తమ్మీ!"

పోత పోసిన ఇనుము చల్లారేటప్పుడు కొద్దిగా చిక్కిపోతుందట. అందుకని కట్టె అచ్చు ఆ మేరకు పెద్దదిగా చేస్తారు. ప్రతిసారీ లెక్క కట్టుకునే బాధ లేకుండా వాళ్ల స్కేలు మీద అంగుళమే కాస్త పెద్దదిగా ఉంటుంది. జీవితమంతా ఆ స్కేలుతోనే కొలిచిన మనిషి, ఫ్రేములు చేయడం మొదలుపెట్టాక కూడా అదే తీశాడు. "ఇనుము సల్లారుతది గని కట్టె ఏం సల్లారుతది? గింత సోయి లేకపాయె నాకు!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను, ఆవిడా నవ్వింది. కార్ఖానా మూతపడ్డప్పటి నుంచీ అన్న చేసిన ప్రతి వస్తువూ ఉండాల్సిన దానికంటే కాస్త పెద్దదే.

ఆవిడ ఫ్రేముకు లోపలి అంచు వెంట సన్నటి టేకు బద్ద అతికించి ఇచ్చాడు. అది చూడటానికి ఎంత బాగా కుదిరిందంటే, ఆవిడ చెల్లెలు వచ్చి తనకూ అలాంటిదే కావాలంది. అప్పట్నుంచి 'లోపల బద్ద ఉన్న ఫ్రేము' అని మేం గొప్పగా అమ్ముకున్నాం. అది పొరపాటులోంచి పుట్టిందని ఎవరికీ చెప్పొద్దని అన్న చేత ఒట్టు వేయించుకున్నాను. అయినా అందరికీ చెప్పేవాడు.

ఆ రోజు నుంచి ఆయనకు ఒక మాట ఊతపదమైపోయింది. నేను వేడి మనిషిని. స్టాల్ మూలకు ఇచ్చారని నిర్వాహకుల మీదికి లేచినా, బేరమాడి బేరమాడి కొనకుండా పోయినవాళ్లను తిట్టినా, "సల్లారనీ తమ్మీ, సరిపోతది" అనేవాడు. ఒకసారి నేను మరీ రెచ్చిపోయి ఒక కుర్రాడితో తగాదా పెట్టుకున్నాక, టీ నా చేతిలో పెట్టి అన్నాడు: "మనిషిని వేడి మీద కొలువద్దు. జర ఎక్కువ ఇడిసి కొలువాలె." ఎవరైనా నీతులు చెబితే నాకు పడదు. అన్న చెబితే మాత్రం టీ చల్లారేదాకా నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి.

చావు కబురు విన్న పొద్దున నేను మొదటిసారి ఆయన ఇంటికి వెళ్లాను. సామానంతా ట్రాలీ ఆటోలోనే వచ్చేది కాబట్టి అంతకుముందు వెళ్లే అవసరం పడలేదు. వాకిట్లో జనం. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి "మంచి మనిషి సార్. ఏనాడు ఒక్క మాట మాట్లాడేటోడు కాదు" అన్నాడు. ఇంకొకాయన "అవ్, నోట్ల నాలుక లేనట్టే ఉంటుండె" అన్నాడు. నేను తప్పు ఇంటికి వచ్చానేమోనని లోపలికి వెళ్లి ముఖం మళ్లీ చూశాను. అన్నే. చచ్చినవాళ్ల గురించి జనం నోటికొచ్చింది చెబుతారులే అనుకుని బయటికి వచ్చేశాను.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెబుతాను, జాలిపడొద్దు. పాలబూత్ దగ్గర "అరలీటరు" అంటాను. మెస్‌లో "పప్పు చాలు" అంటాను. అంతే, ఆ రోజుకు నా మాటలు అయిపోయినట్టే. మెట్రో స్తంభాల కింద నడుస్తుంటే ఇన్ని వేలమంది నన్ను రాసుకుంటూ పోతారే, ఒక్కరైనా "ఏం తమ్మీ" అనరు. నాకు ఏడుపొచ్చింది. ఈ వయసులో రోడ్డు మీద ఏడవడమేమిటని ఒక జ్యూస్ బండి చాటున నిలబడి ఏడ్చాను.

రెండు నెలలు పోయాక పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. వదినగారు, అంటే అన్న భార్య, షెడ్డులో మిగిలిన వస్తువులన్నీ ఒక అట్టపెట్టెలో ట్రాలీ ఆటోకు ఇచ్చి పంపారు. అన్నీ అమ్మెయ్యమన్నారని డ్రైవర్ చెప్పాడు. పెట్టె విప్పితే కొన్ని గరిటెలు, ఒక పోపుల పెట్టె, బద్ద ఉన్న ఫ్రేములు. ఇక ఇంతే అన్నమాట. ఇవి వెళ్లిపోతే అన్న చేతిది ఈ లోకంలో నా దగ్గర ఒక్కటీ ఉండదు. నాకు అమ్మబుద్ధి కాలేదు. కీ చైన్లు ముందు పరిచి, అన్న వస్తువులు వెనక వరసలో పెట్టాను. ఎవరైనా అడిగితే "అవి శాంపిల్ అండీ, అమ్మం" అన్నాను. ఒకావిడ ఫ్రేము కోసం గట్టిగా పట్టుబడితే దాదాపు కసురుకున్నాను.

రెండోరోజు మధ్యాహ్నం వదినగారే వచ్చారు. అన్న బతికుండగా ఏ ఎగ్జిబిషన్‌కూ ఆవిడ రాలేదు. బల్ల వంక ఒకసారి చూసి "గవి ఎనుకకు ఎందుకు వెట్టినవ్ తమ్మీ?" అన్నారు.

"అమ్మబుద్ధి కావట్లేదు వదినగారూ. ఇవి కూడా పోతే అన్నది ఇంకేం మిగలదు."

"ఇంట్ల దాసుకునేటివైతే గాయన ఇంట్లనే దాసుకుంటుండె గద. అమ్మెతందుకు చేసిండు" అన్నారు. కొంగు నడుముకు దోపి, ఒక్కొక్కటీ తీసి ముందుకు పెట్టారు. నేను కాదనలేకపోయాను. కసురుకుని పంపేసిన ఆవిడ మళ్లీ అటుగా వస్తే వదినగారే పిలిచి ఫ్రేము చేతిలో పెట్టారు. సాయంత్రానికి పోపుల పెట్టె కూడా వెళ్లిపోయింది. చివరి గరిటెను ఒక హాస్టల్ అమ్మాయి బ్యాగులో వేసుకుని జనంలో కలిసిపోతుంటే నేను చూడలేక తల తిప్పుకున్నాను.

జనం పలచబడ్డాక వదినగారు పక్క కుర్చీ చూపించి "గీడనే కూసుంటుండెనా?" అన్నారు. అవునన్నాను. అందులో కూర్చున్నారు.

"పొద్దంత ఏం చేస్తుండె ఈడ?"

"ఏముందండీ, మాట్లాడేవాడు."

"ఎవలు?"

"అన్న."

నేను ఎగతాళి చేస్తున్నానేమోనని ఆవిడ నా ముఖంలోకి చూశారు. "మా ఆయననా? తమ్మీ, గాయన కార్ఖాన నుంచి వస్తే తిన్నడా, పన్నడా, గంతే. గాడ మిషిన్ల సప్పుడుకు ఒకరిది ఒకరికి వినవడకపోతుండెనట, మాట్లాడుడే మర్సిండు. బందయినంక సుత గంతే. అడిగితే ఊఁ అంటుండె, లేకుంటే అదీ లేదు." మళ్లీ ఆవిడే అడిగారు, "ఏం మాట్లాడుతుండె?"

గుట్టలు గుట్టలుగా మాట్లాడాడు. "మీ గురించే ఎక్కువ చెప్పేవాడు వదినగారూ" అన్నాను.

"నా గురించా? ఏమని?"

"బియ్యం ఏరేటప్పుడు మీరు పాట పాడుకుంటారట కదా. ఆయన షెడ్డులో రంపం ఆపేసి వినేవాడట. చప్పుడు ఆగిందని మీరు ఇటు చూస్తే పాట ఆపేస్తారని, మళ్లీ రంపం ఆడించేవాడట. కట్టె లేకుండా, ఉత్తదే."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. హాలువాళ్లు బల్లల మీది గుడ్డలు లాగేస్తూ మా వైపు వస్తున్నారు. ట్రాలీ డ్రైవర్ గుమ్మంలోంచి "పోదామా సార్" అని కేకేశాడు. ఆగమని చెయ్యి ఊపాను.

వదినగారు ముఖం తుడుచుకున్నారు. చెప్పులు విడిచి, కాళ్లు రెండూ కుర్చీ మీదికి ముడుచుకుని, నా వైపు తిరిగి కూర్చున్నారు.

"ఇంకేమన్నడు?" అన్నారు.