సుడిగాలి చేతిలో సగం మీసం

ఆ వీధిలో ఎవరైనా సుడిగాలి అంటే ఆకాశం వంక చూసేవాళ్లు లేరు, మూలమీది సెలూన్ వంక చూసేవాళ్లు. అక్కడ ఒక చేత కత్తెర, ఇంకో చేత దువ్వెన పట్టుకుని, రెండూ గాల్లో ఆపేసి, గుమ్మం అవతల రెండు కుక్కలు పెట్టుకున్న తగాదాలో తప్పు దేనిదో తేల్చుకుంటూ నిలబడ్డ మనిషి కనిపించేవాడు. అతనే సుడిగాలి. తెల్లగుడ్డ కప్పుకుని కుర్చీలో కూర్చున్నవాడు కూడా వేరే దారి లేక అటే చూస్తుండేవాడు.

అంత నిదానస్తుడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఒక చెంప గీసి రెండోదానికి వచ్చేసరికి మొదటిది మళ్లీ గరుకెక్కుతుందని జనం నవ్వుకునేవారు. క్షవరానికని చెప్పి బయల్దేరిన మగవాళ్లకి ఆ పూట ఇంట్లో అన్నం వండేవారు కాదు.

మరి ఆ పేరెలా వచ్చిందంటే, దాని మీద వీధిలో ఏకాభిప్రాయం లేదు. గిరాకీలది ఒక మాట: అది పచ్చి వెటకారం, అంతకు మించి ఏమీ లేదు. పక్కన టీ కొట్టు నడిపే ఆయనది ఇంకో మాట. సుడిగాలి కత్తిరించిన జుట్టుని రేపు ఊడుద్దాంలే అని మూలకి నెట్టేవాడు. ఆ రేపు ఒక పట్టాన వచ్చేది కాదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఎదురు ఖాళీ స్థలంలో నిజం సుడిగాలే లేచింది. దుమ్మూ చిత్తుకాగితాలూ గిర్రున తిప్పుకుంటూ వీధి దాటి, తిన్నగా సెలూన్లో దూరి, మూలనున్న జుట్టంతా ఎత్తుకుని బయటికొచ్చి, మరుగుతున్న పాలగిన్నె మీద దింపేసి చక్కాపోయింది.

"వీధిలో వాళ్లందరి తలలూ నా పాలలో పడ్డాయి. ఆవేళ నుంచీ వీడి అసలు పేరు నా నోటికి రావట్లేదు" అనేవాడు టీ కొట్టాయన.

భార్యది మూడో మాట. సుడిగాలి నడినెత్తిన రెండు సుడులున్నాయి. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని చిన్నప్పుడు తల్లి బెంగపెట్టుకునేదట. అలా సుడి, సుడి అంటూ పిలిచి పిలిచి సుడిగాలి అయ్యాడని ఆవిడ వాదన. "రెండో పెళ్లా? ఈయన పలకరిద్దామని నోరు తెరిచేలోపు ఆ రెండోది ముసలిదైపోతుంది" అనేది ఆవిడ, కుట్టుమిషను తొక్కుతూనే.

సెలూన్ వెనకభాగంలో ఒక తెర కట్టి ఉండేది. ఆ తెర వెనక ఆవిడ బట్టలు కుట్టేది. మిషనూ ఆవిడ నోరూ ఒకే వేగంతో నడిచేవి. ముందు గదిలో ఏం జరుగుతున్నా, ఎవరేం మాట్లాడినా, తెర వెనక నుంచి తీర్పు వచ్చేది. మనిషి మాత్రం కనిపించేది కాదు.

సుడిగాలికి పని నేర్పింది అతని మేనమామ. కుర్రాడి చేతికి మొదటిసారి కత్తినిచ్చినప్పుడు ఇరుగుపొరుగు భయపడితే, "ఏం పర్లేదు. అది గడ్డం దాకా వెళ్తేగా తెగడానికి!" అన్నాడట ఆ మామ. నిజానికి ఆ నిదానంతో చేసినంతకాలం సుడిగాలి చేతిలో ఎవరికీ ఒక్క గాటు పడింది లేదు. అంత నిదానం ఎందుకని ఎవరైనా అడిగితే, "అది మొలవడానికి తొందరపడిందా? తియ్యడానికి నాకెందుకు తొందర?" అనేవాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి కూడా కత్తెర ఆపేవాడు.

ఇలా సాగిపోతుండగా ఎదురు ఖాళీ స్థలంలో కొత్త సెలూన్ లేచింది. అద్దాల తలుపులు, లోపల ఏసీ, గుయ్యిమనే మిషన్లు. అక్కడ తలలు పంట కోసినట్టు కోసి పారేసేవారు. సుడిగాలి దగ్గర మిగిలినవాళ్లు మూడే రకాలు: తొందర లేని ముసలివాళ్లు, ఇంటికి వెళ్లడం ఇష్టం లేని మొగుళ్లు, కుర్చీ మెత్తగా ఉందని వచ్చేవాళ్లు.

"ఏమయ్యా, ఎదురుగా వాడు బుర్రలు గంపలకొద్దీ దింపుతున్నాడు. నువ్వు ఒక్క బుర్ర పట్టుకుని శిల్పం చెక్కుతున్నావు" అంది తెర.

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు సుడిగాలి పళ్లు బిగించి, గబగబా చేద్దామని పూనుకున్నాడు. మొదటి గిరాకీ చెవి తెగింది. చెవిగలాయన పెట్టిన కేకకి కొత్త సెలూన్ వాళ్లు కూడా అద్దాల తలుపులు తీసి చూశారు. దూది అద్దుతూ భార్య, "వద్దులేవయ్యా, నీ పద్ధతిలోనే చెయ్యి. ఆకలితో పోదాం గానీ జైలుకెందుకు" అంది. ఆ సాయంత్రం సుడిగాలి అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాడు. మామూలుగా కూడా చాలాసేపే కూర్చుంటాడు కాబట్టి అది బాధ అని ఎవరికీ తెలియలేదు.

అప్పుడొచ్చాయి ఎన్నికలు.

గోడలన్నిటి మీదా ఒకాయన బొమ్మ వెలిసింది. బొమ్మలో సగం ఆయన, సగం ఆయన మీసం. కింద పెద్ద అక్షరాలతో 'ప్రియతమ నాయకుడి సుడిగాలి పర్యటన' అని రాసి ఉంది. సెలూన్ గోడ మీద అంటించింది చదువుకుని సుడిగాలి కంగుతిన్నాడు.

"నేనెక్కడికి వెళ్తున్నానోయ్?"

"నువ్వెక్కడికీ వెళ్లట్లేదు బావా. నీ పేరు పెట్టుకుని ఆయన తిరుగుతున్నాడు. నువ్వు కదలకు, దేశానికి మంచిది" అన్నాడు టీ కొట్టాయన.

పర్యటన రోజు పొద్దున్నే కండువా వేసుకున్న కార్యకర్త ఒకడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. నాయకుడు మామూలు జనంలో కూర్చుని గడ్డం గీయించుకుంటున్నట్టు ఒక ఫొటో కావాలట. కొత్త సెలూన్ అద్దాలు చూస్తే పేదల పక్షం అనిపించడం లేదట. అతను టీ కొట్టు ముందు ఆగి, "ఇక్కడ చకచకా పని చేసే సెలూన్ ఏదన్నా ఉందా? మాకసలు టైం లేదు" అన్నాడు.

టీ కొట్టాయన టీ వడపోస్తూ, మొహంలో ఒక్క నరం కూడా కదలకుండా, "సుడిగాలి ఉన్నాడుగా సార్. పేరులోనే ఉంది" అన్నాడు.

కాసేపటికి జీపులు, జెండాలు, మైకులు, ఫొటోలవాళ్లు వీధిని నింపేశారు. నాయకుడు లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు పోయింది. "రెండు గీతలు గీసెయ్ బాబూ, వెళ్లిపోవాలి" అన్నాడు.

సుడిగాలి ముందు తెల్లగుడ్డ దులిపాడు. కప్పాడు. ముడి నచ్చక విప్పి మళ్లీ కట్టాడు. గోరువెచ్చని నీళ్లలో తువ్వాలు ముంచి, పిండి, మొహం మీద పరిచాడు. తర్వాత బ్రష్‌తో నురగ తియ్యడం మొదలుపెట్టాడు. నురగ అతను అనుకున్నంత చిక్కగా రావడానికి ఎంతసేపు పట్టిందంటే, ఫొటోలవాళ్లు బయటికెళ్లి టీ తాగి వచ్చారు.

కార్యకర్తకి అనుమానం తగిలింది. "ఏమయ్యా, నీ పేరు సుడిగాలేనా?"

"అంటారండి."

"మరి ఇదేంటి?"

"అది పిలవడానికి సార్, పనికి కాదు" అంది తెర.

ఇంతలో కుర్చీలోంచి గురక వినిపించింది. వెచ్చటి తువ్వాలూ మెత్తటి బ్రష్షూ కలిసి నాయకుణ్ని పడగొట్టేశాయి. నోరు కాస్త తెరుచుకుంది, తల పక్కకి వాలింది. బయట మైకు మాత్రం "మన నాయకుడు సుడిగాలిలా దూసుకుపోతున్నారు! ఆయన్ని ఆపగలిగే శక్తి ఈ భూమ్మీద లేదు!" అని గొంతు చించుకుంటోంది. సుడిగాలి ఆ గురకకి అనుగుణంగా, నిద్ర చెదరకుండా, ఇంకా మెల్లగా గీస్తున్నాడు. రెండు చెంపలూ అయ్యాయి. ఇక మీసం అంచు సరిచేయడానికి కత్తిని పెదవి పైకి తెచ్చాడు.

కార్యకర్త ఓర్పు అక్కడ తెగిపోయింది. తర్వాతి సభలో జనం ఎండలో మాడుతున్నారని ఫోన్ మీద ఫోన్. నాయకుణ్ని తట్టి లేపే ధైర్యం లేక, గుమ్మంలో నిలబడి బయటికి చెయ్యెత్తి "మన నాయకుడికీ..." అని అరిచాడు.

"జై!" అంది వీధి.

నిద్రలోనే నాయకుడు అలవాటు కొద్దీ పిడికిలెత్తి, తల విదిలించి, "జై!" అన్నాడు. కత్తి ఉన్నచోటే ఉంది. వెళ్లింది మీసమే. కుడివైపు సగం తెల్లగుడ్డ మీద పడింది. సుడిగాలి జన్మలో ఒక్క క్షణంలో పూర్తి చేసిన పని అదొక్కటే.

తెర వెనక మిషను ఆగింది. ఆ మిషను ఆగడం విని టీ కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు. నాయకుడు కళ్లు తెరిచి అద్దంలో తనని తాను చూసుకున్నాడు, తర్వాత గుమ్మంలోంచి కనిపిస్తున్న గోడ మీది బొమ్మని చూశాడు. కార్యకర్త సుడిగాలి చొక్కా పట్టుకున్నాడు. సుడిగాలి కత్తిని ఎవరికీ తగలకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

తెర తొలగింది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులతో భార్య బయటికొచ్చింది. సూదులు చేతిలోకి తీసుకుని, "సార్, ఇలా సగంతో వెళ్తే అవతలివాళ్లు మీ పార్టీ చీలిపోయిందంటారు. మిగతాది కూడా తీయించేసుకోండి" అంది.

నాయకుడు నిట్టూర్చాడు. "తియ్యి."

ఆ మిగతా సగం తియ్యడానికి సుడిగాలి మళ్లీ నురగ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

తర్వాత జరిగింది అందరూ పేపర్లో చదివారు. మొదటి సభలో జనం "నువ్వెవరయ్యా, మీసమాయన్ని పంపండి" అన్నారు. రెండో సభలో సొంత మనుషులే గుర్తుపట్టక ఆయన్ని వేదిక ఎక్కనివ్వలేదు. మిగతా పర్యటన రద్దయింది. 'సుడిగాలికి చిక్కిన సుడిగాలి పర్యటన' అని మొదటి పేజీలో వేశారు. ఎన్నికల్లో నాయకుడు ఓడిపోయాడు. మీసం లేకపోవడం వల్ల కాదు, అంతకుముందు గెలిచినప్పుడు చేసిన పనుల వల్ల. కానీ పార్టీవాళ్లకి తప్పు మీసం మీదికి నెట్టడమే తేలికైంది.

సుడిగాలి మాత్రం ఆ మాట నిజమే అనుకున్నాడు. తిండి సయించలేదు. కత్తి పట్టుకుని మళ్లీ కింద పెట్టేసేవాడు. "ఒక మనిషి బతుకు గీకేశానే" అనేవాడు. "బతుకు కాదు, మీసం. ఆయన ఇచ్చిన మాటలకన్నా తొందరగా మొలుస్తుంది" అనేది భార్య. ఆ మాటకి కూడా నవ్వేవాడు కాదు. ఆవిడకి భయమేసి, మిషను తెర ఇవతలికి లాక్కుని, అతని కళ్లెదురుగా కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున్న, జీపు లేదు, జెండా లేదు, కండువా లేదు, నాయకుడు ఒంటరిగా నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

సుడిగాలి చేతులు కట్టుకున్నాడు. "సార్... నా మీద కోపంగా ఉందా?"

"లేకేం? చాలా ఉంది." ఆయన తల వెనక్కి వాల్చాడు. "కానీ ఆవేళ పట్టిన నిద్ర మళ్లీ ఎక్కడా పట్టలేదయ్యా. డాక్టరు మాత్రలిచ్చాడు, పనిచేయలేదు. నువ్వు కానివ్వు. ఎంతసేపైనా పర్లేదు, నాకిప్పుడు పనేం లేదు."

సుడిగాలి తువ్వాలు తడిపాడు. నురగ చిక్కబడేలోపే గురక మొదలైంది.

అప్పట్నుంచి ఆయన తరచూ వచ్చేవాడు. మాజీ నాయకుడు నోరు తెరిచి నిద్రపోవడం చూడ్డానికి జనం వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు ఊరికే నిలబడితే బాగుండదని గడ్డం గీయించుకునేవాళ్లు. ఎదురు సెలూన్లో కత్తెర పట్టే మనిషి కూడా ఒకరోజు గిరాకీలా వచ్చి కూర్చుని, నిద్రపోయి, యజమాని చేత తిట్లు తిన్నాడు. "బావకి సుడి తిరిగింది" అన్నాడు టీ కొట్టాయన. తన దగ్గర కూడా టీలు ఎక్కువ పోతున్నాయి కాబట్టి మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఒక్కటే ఇబ్బంది. నిద్ర లేవగానే నాయకుడికి పాత అలవాటు పైకొచ్చేది. చుట్టూ మనుషులు కనిపించేసరికి గొంతు సవరించుకుని, "సోదరులారా, ఈ ప్రాంత అభివృద్ధి కోసం..." అని ఎత్తుకునేవాడు.

"ఏమయ్యా, చూస్తావేంటి?" అనేది భార్య, మిషను ఆపకుండా.

సుడిగాలి బ్రష్ ముంచి, ఆయన పెదవుల మీద అటూ ఇటూ దట్టంగా నురగ పూసేవాడు.