ఎమికలకు బొల్లి ఉండదు

మా మేనత్త పోయిందన్న మాట నాకు బూడిద గుంటలో తెలిసింది. గుంతకల్లు షెడ్డులో ఇంజను కింద దిగి నిప్పుల బూడిద లాగుతున్నాను. మా ఊరి వైపు నుంచి వచ్చిన గ్యాంగుమన్ ఒకడు పైనుంచి వంగి, మీ అత్త పొద్దున పోయిందప్పా అన్నాడు. అంతటితో ఆగలేదు.

"బిరీన పో. యాడ పెట్టాల్నో ఊర్లో పంచాయితీ నడుస్తాండాది."

చచ్చిన మనిషిని ఎక్కడ పెట్టాలో పంచాయితీ ఏమిటని మీరు అడగవచ్చు. మా అత్తకు పెదవుల మీద, చేతుల మీద బొల్లి. మా కులంలో అందరినీ పూడుస్తాం, బొల్లి ఉన్నవాళ్లను తప్ప. వాళ్లను నేల ఒప్పుకోదట. పూడిస్తే మబ్బు ఊరి మీద నిలవదట. తెలియక పూడ్చి ఉంటే, వానలు లేని ఏడు బొంద తవ్వి పీనుగను బయటికి తీసి కాలుస్తారు. దీనికి మావాళ్లు పెట్టిన పేరు ధర్మం. అత్త బతికుండగా కోరింది ఒక్కటే. తనను పూడ్చాలి, పూడ్చినాక తవ్వకూడదు. షెడ్డు నుంచి మా ఊరికి పోయే దారంతా నా నెత్తిన ఉన్న బరువు అదే.

నన్ను పెంచింది ఆమే. బడికి పంపలేకపోయింది. కానీ అంగడి నుంచి మిరపకాయలు, బెల్లం కట్టి తెచ్చిన పొట్లం కాగితాన్ని ఏనాడూ పారేయలేదు. అరచేత్తో చదును చేసి, ఇందులో ఏముండాదో చెప్పురా అనేది. నాకు తెలిసిన అక్షరమంతా ఆ కాగితాల మీదిదే. ఇప్పటికీ అచ్చు కాగితం చూస్తే నాకు మిరప ఘాటు తగులుతుంది.

మామకూ బొల్లి ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో పోయాడు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి కాబట్టి ఆయన్ను పూడిస్తే ఎవరికీ ధర్మం గుర్తు రాలేదు. తర్వాత శెనక్కాయ పైరు రెండుసార్లు ఎండిపోయింది. వాన పడితే వజ్రకరూరు చేలల్లో వజ్రపు రాళ్లు ఏరుకుందామని కాచుకున్నవాళ్లకూ ఓపిక పోయింది. అప్పుడు గుర్తొచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం ఊరి పెద్ద ముందు నడిచాడు, గడ్డపారలు వెనక నడిచాయి. నేను అప్పుడు ఊర్లో లేను. అత్త అక్కడే నిలబడి చూసిందట, ఒక్క మాట అనలేదట. ఎమికలు తీసి కాల్చారు. తర్వాత కొద్ది రోజులకే వాన వచ్చింది.

అవును, వచ్చింది. నేను దాచను. అందుకే ఊరంతా నమ్మింది.

ఆ వానలోనే తడుస్తూ అత్త ఠాణాకు నడిచింది. బొంద తవ్వడం నేరమని ఎవరో చెప్పగా విన్నది. అక్కడి అధికారి చెడ్డవాడేమీ కాదు. సాక్షి ఎవరని అడిగాడు. ఊర్లో ఒక్కరూ రారని తెలిసి, వాన పడింది గదమ్మా, ఇంకెందుకు అన్నాడు.

"వాన పడితే తప్పు ఒప్పయితాదా సామీ?"

ఆయన టోపీ సరిచేసుకున్నాడట. కేసు లేదు.

ఆమెకు దేవుడు లేడనుకోకండి. సోమవారం పచ్చి నీళ్లు కూడా ముట్టేది కాదు. ఎంగిలి, మైల అన్నీ పట్టింపే. నేను వెక్కిరిస్తే ఒకటే మాట చెప్పేది: "నా ఒక్కపొద్దు నా కడుపుకేరా. ఊరి కడుపు మాడ్చేదానికి కాదు." మతం గురించి, చట్టం గురించి తర్వాత నేను చాలా చదివాను. దీనికంటే సూటిగా చెప్పినవాళ్లు కనపడలేదు.

తవ్విన ఆ బొందను ఎవరూ పూడ్చలేదు, ముట్టుకుంటే అరిష్టమని. మా బొందలదిన్నె మీద చెట్టు లేదు, నీడ లేదు. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు గాలి ఆ గుంతలోకి దిగి, లోపల తిరిగి, పైకి వచ్చేది. ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేది. ఆ వేళకే అత్త సున్నపు పొడి పట్టుకుని పోయేది. బొంద చుట్టూ, ఇంటి ముందు వేసినట్టు ముగ్గు వేసేది. అమావాస్యకు తప్పేది కాదు. లోపల ఎవరో ఉన్నట్టు వంగి చూసి వచ్చేది. గొర్రెలవాళ్లు దూరం నుంచి చూసి మంద మళ్లించేవాళ్లు. మామ మీది ఆశ చావక అట్ల చేస్తుందనుకునేవాణ్ణి.

పోయిన ఎండాకాలం నేను పాత శిక్షాస్మృతి పుస్తకం ఒకటి కొని తెచ్చి ఆమెకు చదివి వినిపించాను. పూడ్చిన చోటును చెరిపినవాడికి శిక్ష ఉందని చదివాను. ఎవరి బొంద అని రాసినారా అని అడిగింది. ఎవరిదైనా ఒకటే అన్నాను. తన చేతుల మీది తెల్ల మచ్చలు చూసుకుంది.

"అయితే నాక్కూడా శిక్ష ఉండాది నాయనా."

అప్పుడు బయటపెట్టింది. మామ బొంద మీద గుర్తుకు ఆమె తన పిండి విసుర్రాయి పైరాయిని పెట్టుకుంది. తవ్వడానికి వస్తారని తెలిసిన పొద్దున ఆ రాయిని పక్క బొంద మీదికి దొర్లించింది. ఊరి పెద్ద ఆ రాయిని చూసి అక్కడే గడ్డపార వేయించాడు. పక్క బొంద ఆయన సొంత తండ్రిది.

"వాళ్ల నాయన యాడుండాడో వానికే తెలీదు. వాడు నాకు ధర్మం చెప్పొచ్చినాడు. ఎమికలకు బొల్లి ఉండదు గదరా. తీసినారు, కాల్చినారు."

మామ నేలలోనే ఉన్నాడు. ఆమె ముగ్గు వేసింది తన వల్ల బయటపడిన పరాయి మనిషికి. ఆ ఖాళీ బొందలోనే నన్ను పూడ్చండి, ఆయన చోటు నేను నింపుతా అన్నది. ఈ సంగతి చెప్పాల్సి వస్తేనే చెప్పమన్నది, సరదాకు చెప్పొద్దన్నది.

నేను ఊరు చేరేసరికి కట్టెలు పేర్చి ఉన్నాయి. ఈ ఏడూ వాన లేదు. అత్తను ఎండలోనే పడుకోబెట్టారు, పెదవుల మీద తెలుపు మెరుస్తోంది. నేను చట్టం చెప్పాను. అరిచాను కూడా. ఒకడు నవ్వి అన్నాడు:

"నీ శిక్షాస్మృతి వాన కురిపిస్తాదేమప్పా? కురిపిస్తే చెప్పు, దానికే టెంకాయ కొడతాం."

అందరూ నవ్వారు. ఊరి పెద్ద నవ్వలేదు, ముసలివాడైపోయాడు. ఆయన్ను చెయ్యి పట్టుకుని ఖాళీ బొంద దగ్గరకు తీసుకుపోయి, రాయి సంగతి మెల్లగా చెప్పాను. ఆయన వంగి లోపలికి చూశాడు.

"అంటే, మా నాయన్ను కాలిస్తేనా వాన వచ్చింది?"

అవునన్నాను.

"అయితే అన్నాళ్లూ వాన పట్టుకోనుండింది మా నాయనేనా?"

"నేనట్ల అనలే పెద్దాయనా. నీ ధర్మం అంటాండాది."

ఆయన కూర్చుని, చెరిగిపోతున్న ముగ్గును వేలితో తాకాడు. లేచి జనం వైపు తిరిగి, పూడ్చండి అన్నాడు. ఎందుకని ఎవరు అడిగినా మళ్లీ నోరు విప్పలేదు.

అత్తను ఆ బొందలో పడుకోబెట్టాం. నేను గెలిచాననుకోకండి. తండ్రి సంగతి ఊరికి తెలుస్తుందని ఆయన భయపడి ఒప్పుకున్నాడు, న్యాయం తెలిసి కాదు. ఒక ఆడమనిషి నేలలో పడుకోవడానికి నేను ఒక ముసలివాణ్ణి భయపెట్టాల్సి వచ్చింది. దేశానికి అంత పెద్ద రాజ్యాంగం రాసుకున్నాం. అది మా దిన్నె దాకా నడిచి రాలేదు. తన వ్రతం ఎవరైనా చేసుకోనీ, నేను అడ్డం రాను. పక్కవాడి పీనుగ మీద దాన్ని నడిపించేవాణ్ణి ఆపడానికి ఒక కానిస్టేబులన్నా రావాలి గదా?

వాన మాత్రం రాలేదు. కుర్రవాళ్లు, పెద్దాయన ఏమన్నా సరే తవ్వుతాం అంటున్నారని షెడ్డుకు కబురు వచ్చింది. దినాలకు పోయినవాణ్ణి నేరుగా దిన్నెకే పోయాను. గడ్డపార ఉంటే లాక్కోవాలనే పోయాను.

అక్కడ ఎవరూ లేరు. అన్ని బొందల మీదా కొత్త మన్ను పోసి ఉంది. ప్రతి బొంద మీదా ఒక విసుర్రాయి పైరాయి. ఊర్లోకి పిండి మర వచ్చినాక ఇళ్లల్లో మూలపడిన రాళ్లన్నీ అక్కడికి చేరాయి. ఎవరు మోశారో ఒక్క ఆడమనిషీ చెప్పలేదు. అందులో అన్నిటికంటే పెద్దది, ఇనుప పిడిది, ఊరి పెద్ద ఇంటి రాయి. అది నాకు తెలుసు. దాని కింద ఎవరున్నారో తెలియదు.

అత్తది ఏదో పోల్చుకోవాలని చూసి మానుకున్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. గాలి లేచి రాళ్ల నడిమి బెజ్జాల్లోకి దూరింది. దిన్నెంతా, తెల్లవారకముందే ఏదో ఊరు లేచి పిండి విసురుతున్నట్టు, గుర్రుమని సన్నగా మోగుతూ ఉంది. ఒక్క రాయీ కదలడం లేదు.