రద్దయిన శుక్రవారం పెళ్ళికొడుకు

మనిషి బుద్ధి తెలుసుకోవాలంటే వాళ్ళింట్లో క్యాలెండరు చూడాలని నా సిద్ధాంతం. న్యూజిలాండ్‌కు ఈశాన్యంగా, నడిసముద్రంలో ఉన్న సవాయి దీవిలో మా ఊరి పెద్ద తులిమా ఇంట్లో మూడు వేలాడుతుంటాయి. మూడూ మూడు కొట్లవాళ్ళు ఊరికే ఇచ్చినవే. ఒకటి మార్చిలో ఆగిపోయింది, ఒకటి జూలైలో, ఒకటి కిందటేడు నవంబరులో. ఆ నెలల బొమ్మలు ఆయనకు నచ్చాయి, అందుకని తిప్పలేదు. పెద్దల సభలో కూడా ఆయన అంతే, నచ్చిన మాట దగ్గర ఆగిపోయి అదే గంటసేపు అంటుంటాడు. పాస్టరు గారు చర్చి క్యాలెండరు చింపి వెనక వైపు ప్రసంగాలు రాసుకుంటాడు. దేవుడి మాట కోసం ఎన్ని నెలలు బలయ్యాయో ఆయనకే తెలియదు. నా సంగతి అడక్కండి. నేను అరచేతి మీద రాసుకుంటాను. మధ్యాహ్నం గిన్నెలు తోమేసరికి ఆ రోజు పనులన్నీ కొట్టుకుపోతాయి. ప్రాణానికి హాయిగా ఉంటుంది.

పెనినా అలాంటి మనిషి కాదు. నాతోపాటు ఊరి బడిలో పాఠాలు చెబుతుంది, మహిళా సంఘానికి కార్యదర్శి, చర్చిలో పాటల బృందాన్ని నడిపేదీ తనే. ఈ కథ జరిగేనాటికి నలభై రెండేళ్ళు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఉన్న చెల్లెలు ఏటా జనవరిలో ఒక డైరీ పంపేది. గట్టి అట్ట, రోజుకో పేజీ, గంటకో గీత. బడి పనులు ఎర్ర సిరా, సంఘం పనులు ఆకుపచ్చ సిరా, చర్చివి నీలం. తల దువ్వుకోవడం కూడా అందులో రాసుకుంటుందని ఊళ్ళో పుకారు. అది వట్టి పుకారు కాదు, నేను కళ్ళారా చూశాను. "శనివారం, మూడున్నర, తలకు కొబ్బరినూనె" అని ఉంది.

ఇంత పద్ధతైన మనిషి మనసు పారేసుకున్నది ఎవరి మీదయ్యా అంటే, పడవలు చేసే లఫాయెలె మీద. అతనికి గడియారం లేదు, క్యాలెండరు లేదు, ఉన్నా చూడడు. ఆకలేస్తే మధ్యాహ్నం, ఆఖరి బస్సు వెళ్ళిపోతే సాయంత్రం. "ఎప్పుడొస్తావు?" అంటే "వస్తాగా" అంటాడు. రావడం మాత్రం నిజంగానే వస్తాడు. ఏ రోజన్నది మనం అడక్కూడదు. అతను జన్మలో ఆలస్యం కానిది ఒక్క పలోలోకే. ఏడాదికి ఒకటి రెండు వేకువల్లో మాత్రం సముద్రం అడుగు నుంచి పైకి తేలే సన్నటి ఆకుపచ్చ పురుగులు అవి. మాకు వాటి ముందు ఇంకే రుచీ ఆనదు. ఏ తెల్లవారుజామున తేలతాయో చంద్రుణ్ణి చూసి, మోసోఓయి పూలు రాలడం చూసి లఫాయెలె చెబితే ఊరంతా నమ్మి వలలు పట్టుకుని కదులుతుంది.

ఈ ఇద్దరూ తొమ్మిదేళ్ళుగా పెళ్ళి చేసుకోబోతున్నారు.

రెండువేల పదకొండు మార్చిలో పెనినా ఓపిక నశించింది. ఎండలో నన్ను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డున అతని పాకకు నడిచింది. లఫాయెలె పడవకు చెక్క పలక కోస్తున్నాడు.

"ఇదిగో డైరీ, ఇదిగో పెన్ను. తేదీ నువ్వే పెట్టు," అంది పెనినా. "ఆ రోజు పెళ్ళి కాలేదో, జనవరిలో ఆక్లండ్ విమానం ఎక్కేస్తా. అక్కడ ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉద్యోగం ఉంది, మా చెల్లెలు మాట్లాడి పెట్టింది."

"ఇప్పుడే చెప్పాలా?"

"ఈ నిమిషమే."

లఫాయెలె రంపం కింద పెట్టాడు. చేతులు నడుముకు చుట్టుకున్న లావాలావాకు తుడుచుకుని, కళ్ళు మూసుకుని, డైరీ ఒక చోట తెరిచి వేలు పెట్టాడు. డిసెంబరు ముప్ఫై, శుక్రవారం.

"అంత దూరమా?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"ఏడాది లోపే కదక్కా. తొమ్మిదేళ్ళాగినోళ్ళం!"

పెనినా అతని చేత సంతకం పెట్టించింది. నా చేత సాక్షి సంతకం పెట్టించింది. ఇంటికి వస్తూ దారంతా పాటలు పాడింది.

మే నెలలో ప్రభుత్వం రేడియోలో ఒక ప్రకటన చేసింది. మన వ్యాపారమంతా ఆస్ట్రేలియాతో, న్యూజిలాండ్‌తో. వాళ్ళకు సోమవారమైతే మనకింకా ఆదివారం. ఇలా కుదరదు కాబట్టి దేశం మొత్తం వాళ్ళ రోజులోకి జరుగుతోంది. డిసెంబరు ఇరవై తొమ్మిది గురువారం పడుకుని లేస్తే ముప్ఫై ఒకటి, శనివారం. మధ్యలో శుక్రవారం ఈ దేశానికి లేదు.

ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. బస్సు నడిపేవాడు నవ్వు పట్టలేక బస్సు పక్కకు ఆపుకున్నాడట. మూడు వందల అరవై అయిదు రోజుల్లోంచి ఏరి ఏరి ప్రభుత్వం రద్దు చేసే ఆ ఒక్కదాని మీదే వేలు పెట్టాడు మహానుభావుడు.

పెనినాకు మాత్రం నవ్వు రాలేదు. సరాసరి పాకకు వెళ్ళి నిలదీసింది. "నీకు ముందే తెలుసు!"

"ఇవాళ ఏ వారమో నాకు తెలీదే తల్లీ! ప్రభుత్వం డిసెంబర్లో ఏం చేస్తదో నాకెట్లా తెలుస్తది?"

పెనినా డైరీ తెరిచి అతని సంతకం చూపించింది. "పోనీ గురువారం చేసుకుందాం," అన్నాడు లఫాయెలె. "శనివారమైనా సరే. నాకన్నీ ఒకటే."

"నీకన్నీ ఒకటేనని నాకు తెలుసులే! శుక్రవారమని రాసి సంతకం పెట్టావు. ఇవాళ గురువారానికి జరిపినవాడివి రేపు ఇంకో దానికి జరపవా?"

విషయం పెద్దల సభకు పోయింది. లేని రోజున చేస్తానన్న పని ముందు రోజు చెయ్యాలా, తర్వాతి రోజు చెయ్యాలా? తులిమా గురువారం అన్నాడు. అదే గంటసేపు అన్నాడు. సగం మంది ఆయన వైపు చేరారు. మిగతా సగం మంది శనివారం అన్నారు. మూడు గంటలు చర్చించి, డబ్బా మాంసంతో ఉడికించిన టారో దుంపలు సుష్ఠుగా తిని, వచ్చే నెలకు వాయిదా వేశారు. ఆ వచ్చే నెల ఇంతవరకూ రాలేదు.

పెనినా ఎవరి తీర్పూ అడగలేదు. ఒప్పందం తప్పింది, జనవరిలో వెళ్ళిపోతున్నానంది. బడికి రాజీనామా రాసి ఇచ్చింది. నాకు కడుపు మండిపోయింది. ఇరవై ఏళ్ళ స్నేహితురాలు, నా ఇంట్లో మంచి చెడ్డా చూసిన మనిషి, ఒక శుక్రవారం కోసం దేశం వదిలిపోతానంటే ఏమనాలి? మొండిఘటం అన్నాను, గాడిద అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆ వారం నాతో మాట్లాడే పని కూడా డైరీలో లేదని చెప్పింది.

అక్టోబరులో ఒక సాయంత్రం సామాను సర్దడానికి పిలిచింది. పెట్టె అడుగున తొమ్మిదేళ్ళ డైరీలు వరసగా ఉన్నాయి. నేను సర్దే రకం కాదు, చదివే రకం. ఒకటి తీసి తిరగేశాను.

"ఇదేంటే, ఇన్ని రంగుల్లో రాశావు, లఫాయెలె పేరే లేదు?"

"ఉంటుంది, సరిగ్గా చూడు."

చూస్తే నిజంగానే ఉంది. పేజీ అంచున, పెన్సిలుతో, కళ్ళు చికిలిస్తే గానీ కనబడనంత పలచగా. "లఫాయెలె వచ్చాడు. పాటల సాధన ఉంది. ఇంకో రోజు రమ్మన్నాను." నాలుగు పేజీల తర్వాత, "లఫాయెలె వచ్చాడు, పెళ్ళి మాట ఎత్తాడు. పరీక్ష పేపర్లు దిద్దాలి. ఇంకో రోజు." ఇంకో డైరీ తీశాను, అందులోనూ అదే. తుఫాను వెళ్ళిన మర్నాడు ఇంటి కప్పు బాగుచేయడానికి వచ్చినవాణ్ణి కూడా, సంఘం సమావేశం ఉందని వెనక్కి పంపింది. నేను కింద బాసింపట్టు వేసుకుని తొమ్మిదింటినీ లెక్కపెట్టాను.

"చెప్పిన రోజుకు అతను రానిది ఇరవై మూడు సార్లు," అన్నాను. "చెప్పకుండా వచ్చి నీ చేత వెనక్కి పంపించుకున్నది అరవై ఒక్కసార్లు. నీ రాతే, నీ లెక్కే."

"చెప్పకుండా వస్తే ఎలా కుదురుతుందే? నాకు పనులుండవా?"

"పాటల సాధనకి నీలం సిరా పెట్టావు, నూనె రాసుకోడానికి కూడా సిరా ఖర్చు పెట్టావు. అతని పేరుకి పెన్సిలెందుకు పెట్టావే?"

పెనినా చేతిలో మడతపెడుతున్న పొడుగు గౌనును విప్పింది, మళ్ళీ మడిచింది. "చెరిపేయడానికి వీలుంటుందని," అంది చివరికి. "సిరాతో రాసుకున్నాక అతను రాకపోతే? నాకు భయం మకెరీటా. మొదట్నుంచీ భయమే."

తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదటిసారి. నేను తిట్టడం మానేసి కోకో కాచి ఇచ్చాను.

మర్నాడు పలోలో తేలింది. ఊరి జనం తెల్లవారకముందే వెళ్ళి వచ్చేశారు. బడి మొదలైన కాసేపటికి లఫాయెలె గేటు దగ్గరికి వచ్చాడు. లావాలావా మోకాళ్ళ దాకా తడిసి ఉంది, చేతిలో అరిటాకు పొట్లం. ఆ రోజు పది గంటలకు రాజధాని అపియా నుంచి బడుల ఇన్‌స్పెక్టరు వస్తాడు. మూడు వారాలుగా పెనినా డైరీలో ఆ పేజీ ఎర్రగా మండుతోంది. గోడలకు పటాలు, పిల్లలకు కొత్త రిబ్బన్లు, బల్ల మీద పూలు.

"పలోలో," అని పొట్లం అందించాడు లఫాయెలె. "వేడి మీద తిను. ఇన్‌స్పెక్టరు వస్తాడంట కదా? సరేలే, ఇంకో రోజు వస్తా."

ఆ రెండు మాటలూ ఈసారి అతనే అనేశాడు, తనను తనే వెనక్కి పంపించుకుంటూ. వెనక్కి తిరిగి నడుస్తున్నాడు కూడా. పెనినా గుమ్మంలో నిలబడి అతని వీపు చూసింది, గడియారం చూసింది. అప్పటికి తొమ్మిదీ నలభై.

"ఆగు!" అని అరిచింది. పిల్లలు ఉలిక్కిపడ్డారు. "పద, పాస్టరు గారింటికి."

"ఎందుకు?"

"ఎందుకేంటి! పెళ్ళికి! నువ్వూ రావే మకెరీటా, సాక్షులు కావాలి."

సరిగ్గా గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు ఎదురయ్యాడు. పావుగంట ముందే వచ్చిన మనిషి, చంకలో ఫైలు, మెడలో టై.

"టీచరుగారూ, ఎక్కడికండీ?"

"పెళ్ళికండి," అంది పెనినా ఆగకుండా.

"ఎవరి పెళ్ళి?"

"నాదేనండి. పిల్లలు ఏడో ఎక్కం దగ్గరున్నారు, కాస్త చూడండి." డైరీ ఎడమ చేతిలోనే ఉంచుకుని, కుడి చేతిలో ఉన్న సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన పాపం దాన్ని అపురూపంగా పట్టుకుని నిలబడిపోయాడు.

సగం దారిలో పెనినా ముఖం పాలిపోయింది. పెళ్ళికి ముందుగా నోటీసు కాగితం ఇవ్వాలి, కొన్ని రోజులాగాలి. చట్టం సంగతి మా ఊళ్ళో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. అయినా కాళ్ళు ఆగలేదు.

పాస్టరు గారు పలోలో తింటున్నాడు. మూతి ఆకుపచ్చగా ఉంది.

"అయ్యగారూ, మమ్మల్ని క్షమించండి," అంది పెనినా రొప్పుతూ. "ఇవాళ నోటీసు రాసిస్తాం. ఎన్నాళ్ళాగమంటే అన్నాళ్ళు ఆగుతాం. కానీ ఇవాళే రాసిస్తాం."

"నోటీసా? అది ఉంది కదమ్మా," అన్నాడాయన. వేళ్ళు నాకుతూ లేచి, సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. లఫాయెలె సంతకం, పెనినా పేరు, ఆమె సంతకానికి ఖాళీ. "మూడు నెలలకి చెల్లకుండా పోతుంది. వీడికి ఆ గడువెప్పుడో తెలిసి చావదు. అందుకని నెలకోసారి వచ్చి, 'అయ్యగారూ, ఉందా, పోయిందా?' అని అడుగుతాడు. పోయిందంటే అక్కడే కూర్చుని ఇంకోటి రాసిస్తాడు. ఇది ముప్ఫై రెండోది. ఆగాల్సిన రోజులు ఎప్పుడో అయిపోయాయి, ఇక నువ్వు సంతకం పెట్టడమే."

పాస్టరు గారి భార్య కోకో గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"ఎవరితో అనొద్దన్నాడమ్మా," అన్నాడు పాస్టరు గారు. "నువ్వు ఏ రోజు సరేనంటావో తెలీదట. ఆ రోజు తనవల్ల ఆలస్యం కాకూడదట."

పెనినా కాగితం అందుకుంది. తర్వాత చేతిలో ఉన్న డైరీతోనే లఫాయెలె భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ముప్ఫై రెండు కాగితాలా! తొమ్మిదేళ్ళు! ఒక్కసారైనా నాతో చెప్పావా?"

లఫాయెలె భుజం తడుముకున్నాడు.

"చెబుదామనే వచ్చేవాణ్ణే. నువ్వు ఇంకో రోజు రమ్మనేదానివి."